ఘాట్ ఎక్కే పాత కారుకు ఏ క్యామ్‌షాఫ్ట్?

ఇంజన్ బలం సిలిండర్ల పరిమాణాన్ని బట్టి ఉంటుందన్న మాట సగమే నిజం. ఆ బలం ఏ వేగం దగ్గర చేతికందుతుంది, కూడలిలో బండి కదిలేటప్పుడా, ఘాట్ మలుపులో మళ్లీ పుంజుకునేటప్పుడా, లేక ఖాళీ రహదారిపై పరుగు తీసేటప్పుడా అన్నదాన్ని నిర్ణయించేది మాత్రం క్యామ్‌షాఫ్ట్ అనే ఒక సన్నటి లోహపు కడ్డీ. ఆ కడ్డీ పొడవునా ఒక పక్కకు ఉబ్బినట్టు ఉండే దిమ్మలు వరుసగా ఉంటాయి. వీటిని లోబులు అంటారు. పిస్టన్లను ఆడించే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగే లోపు క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో ప్రతి లోబు తన వంతు వచ్చినప్పుడు ఒక వాల్వును తెరిచి, కాసేపు తెరిచే ఉంచి, మళ్లీ మూయనిస్తుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం లోపలికి రావడానికి ఇన్‌టేక్ వాల్వు, కాలిన పొగ బయటికి పోవడానికి ఎగ్జాస్ట్ వాల్వు ఉంటాయి గనుక, ఇంజన్ శ్వాస అంతా ఈ కడ్డీ అదుపులో ఉంటుందన్నమాట.

క్యామ్‌షాఫ్ట్ ఎంపిక గురించి ప్రపంచంలో ఎక్కువ చర్చ జరిగింది అమెరికాలో, మజిల్ కార్ల చుట్టూ. మధ్యరకం కారు శరీరంలో పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను పెట్టి, సామాన్యుడు కొనగలిగే ధరకు అమ్మిన బండిని అక్కడ మజిల్ కారు అన్నారు. 1964 మోడల్‌గా వచ్చిన పాంటియాక్ జీటీఓ, అందులోని 6.4 లీటర్ల ఇంజన్ ఆ తరానికి దారి చూపాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో అటువంటి బండ్లు కనబడడం అరుదు. అయినా ఆ మాటకు ఈ దేశంలో దగ్గరగా వచ్చిన కారు ఒకటి ఉంది, అది హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెసా. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ వీఎక్స్ శ్రేణి కారు రూపాన్ని తీసుకుని తయారైన ఈ పొడుగు ముక్కు కారు 1984లో మార్కెట్‌లోకి వచ్చి 2002 వరకు తయారైంది. మొదట్లో దానికి అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్‌నే పెట్టారు. సుమారు 50 గుర్రాల బలం గల ఆ ఇంజన్ అంత పెద్ద శరీరాన్ని లాగలేక ఆయాసపడేది. 1980ల చివరలో జపాన్ కంపెనీ ఇసుజు రూపొందించిన 1817 సీసీ ఇంజన్, ఐదు గేర్ల పెట్టె వచ్చాక గాని ఆ కారు ఆకారానికి తగిన పరుగు దానికి అబ్బలేదు. అదే ఇసుజు కంపెనీ 2016లో అప్పటి చిత్తూరు జిల్లాలోనూ ఇప్పటి తిరుపతి జిల్లాలోనూ ఉన్న శ్రీసిటీలో కర్మాగారం తెరిచి పికప్ వాహనాలు తయారు చేస్తుండడం, కాంటెసా ప్రియులకు మాత్రమే రుచించే ఒక చిన్న విశేషం.

ఇంకొక సామ్యం కూడా ఇక్కడ గమనించదగినది. సిలిండర్‌లో పిస్టన్ కింది చివర నుంచి పై చివరకు కదిలే దూరాన్ని స్ట్రోక్ అంటారు. అంబాసిడర్, తొలి కాంటెసాల ఇంజన్‌లో ఆ స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు, 1967లో షెవర్లే కమారోతో వచ్చిన ప్రసిద్ధమైన 5.7 లీటర్ల వీ-8 ఇంజన్‌లో 88.4 మిల్లీమీటర్లు, మద్రాసులో తయారైన పాత 350 సీసీ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో 90 మిల్లీమీటర్లు. బోరు వెడల్పు, సిలిండర్ల సంఖ్య ఎంత వేరైనా పిస్టన్ ప్రయాణం మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే.

క్యామ్‌షాఫ్ట్ అమ్మేవారి కాగితాల మీద అనేక అంకెలు ఉంటాయి. వాటన్నిటికీ మూలం నాలుగు క్షణాలు: ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోవడం, అది మూసుకోవడం, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం, అది మూసుకోవడం. క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు 360 డిగ్రీలు గనుక ఈ క్షణాలను డిగ్రీలలో చెబుతారు. పిస్టన్ పై చివరకు చేరే స్థానాన్ని టాప్ డెడ్ సెంటర్ అనీ, కింది చివరను బాటమ్ డెడ్ సెంటర్ అనీ అంటారు. వర్క్‌షాపుల్లో వీటిని టాప్, బాటమ్ అని క్లుప్తంగా పిలవడమే వాడుక. రోడ్డు మీద తిరిగే కారుకు ఈ నాలుగు క్షణాలలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇన్‌టేక్ వాల్వు మూసుకునే క్షణం. ఎన్ని గుర్రాల బలం వస్తుందని క్యామ్ కొనేవారు తప్పకుండా అడుగుతారు గాని, ఇన్‌టేక్ ఎన్ని డిగ్రీల దగ్గర మూసుకుంటుందని అడిగేవారు చాలా అరుదు. తప్పుడు క్యామ్‌లు అమ్ముడుపోవడానికి పెద్ద కారణం అదే.

పిస్టన్ బాటమ్‌కు చేరి మళ్లీ పైకి కదలడం మొదలుపెట్టిన తరువాత కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. పైకి వచ్చే పిస్టన్ మిశ్రమాన్ని వెనక్కి నెట్టేయదా అన్న సందేహం సహజమే. తిరుమల క్యూ కాంప్లెక్సులో ఒక గది తలుపు తీసినప్పుడు వేగంగా కదిలివస్తున్న వరుస, ముందు చోటు నిండుతున్నా వెనుక తోపుతో ఇంకా కొందరిని లోపలికి చేరుస్తుంది. అదే వరుస నెమ్మదిగా కదులుతుంటే తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచడం వల్ల లోపలికి వచ్చినవారే బయటికి జరుగుతారు. ఇన్‌టేక్ గొట్టంలోని మిశ్రమానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగేటప్పుడు ఆ మిశ్రమం చాలా వేగంగా వస్తుంది గనుక వాల్వు ఆలస్యంగా మూసుకుంటే లాభం. 2000 చుట్ల దగ్గర ఆ వేగం ఉండదు గనుక ఆలస్యం నష్టం. అందరికీ సరిపోయే ఒకే క్యామ్ అన్నది లేకపోవడానికి మూలకారణం ఇది.

లెక్కలోకి దిగితే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అంబాసిడర్ ఇంజన్‌ను రూపొందించిన బ్రిటిష్ సంస్థ బీఎంసీ, తన చిన్న ఇంజన్‌తో మోరిస్ మైనర్ 1000 అనే కుటుంబ కారునూ, 1489 సీసీ ఇంజన్ వంశంలోనే పుట్టిన 1798 సీసీ ఇంజన్‌తో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారునూ చేసింది. మైనర్‌లో ఇన్‌టేక్ వాల్వు టాప్‌కు 5 డిగ్రీల ముందు తెరుచుకుని, బాటమ్ దాటిన 45 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు బాటమ్‌కు 40 డిగ్రీల ముందు తెరుచుకుని, టాప్ దాటిన 10 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎంజీబీలో ఇవే అంకెలు వరుసగా 16, 56, 51, 21. కాగితం మీద రాసుకుని చూసేవారికి ఒక చక్కని సంగతి కనబడుతుంది: కుటుంబ కారు అంకెలు నాలుగింటికీ సరిగ్గా 11 చొప్పున కలిపితే స్పోర్ట్స్ కారు అంకెలు వస్తాయి. వాల్వు తెరిచి ఉండే మొత్తం కాలాన్ని డ్యూరేషన్ అంటారు. అది 230 డిగ్రీల నుంచి 252కు పెరిగింది. రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే కాలాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. అది 15 నుంచి 37కు పెరిగింది. లోబుల శిఖరాల మధ్య కోణం మాత్రం మారలేదు.

ఇక ఆ 45కూ 56కూ మధ్య తేడా ఏం చేస్తుందో చూడాలి. స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లుగా, కనెక్టింగ్ రాడ్ పొడవు దానికి రెట్టింపు కంటే కాస్త తక్కువగా ఉన్నదనుకుంటే, బాటమ్ దాటిన 45 డిగ్రీలకు వాల్వు మూసుకున్నప్పుడు పిస్టన్‌కు తన పూర్తి దూరంలో దాదాపు 89 శాతం మిగిలి ఉంటుంది. 56 డిగ్రీలకైతే 83 శాతం. పందెపు కార్లకు వాడే ఘాటైన క్యామ్‌తో 75 డిగ్రీలకు మూసుకుంటే 69 శాతమే. మిశ్రమాన్ని నిజంగా నొక్కగలిగేది ఈ మిగిలిన దూరంలోనే. సిలిండర్‌లోని మొత్తం చోటును, పిస్టన్ టాప్‌కు చేరినప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేది కంప్రెషన్ నిష్పత్తి. పాత అంబాసిడర్ తరహా ఇంజన్‌లో అది 7.2 అనుకుంటే, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు నిజంగా పనిచేసే నిష్పత్తి మొదటి క్యామ్‌తో 6.5గానూ, రెండవదానితో 6.1గానూ, మూడవదానితో 5.3గానూ తేలుతుంది. పాతకాలపు పెట్రోలు కోసం మొదటే తక్కువ కంప్రెషన్‌తో పుట్టిన ఇంజన్‌కు ఇంకొంత కోత పెడితే, అది 2000 చుట్ల దగ్గర లాగడం మానేస్తుంది. మెకానిక్కుల భాషలో చెప్పాలంటే పుల్లింగ్ పోతుంది. ఎంజీబీ ఆ క్యామ్‌ను మోయగలిగిందంటే దాని కంప్రెషన్ నిష్పత్తి 8.8 కావడం వల్ల. ఆలస్యపు కోత పోగా దానికి 7.4కు పైగా మిగులుతుంది, అంటే కోత ఏదీ లేని పాత అంబాసిడర్ కంటే కూడా ఎక్కువ. క్యామ్‌ను కంప్రెషన్‌తో కలిపి చూడకుండా విడిగా ఎంచుకోవడం అర్థం లేని పని అనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

ఈ లెక్కను తిరుపతి రోడ్ల మీదికి తేవాలి. తిరుమలకు 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికీ, 1974లో పూర్తయిన రెండవ ఘాట్ రోడ్డు ఎక్కడానికీ వాడుకలో ఉన్నాయి. ఎక్కే దారి సుమారు 18 కిలోమీటర్లు. ప్రమాదాల నివారణకు విధించిన కనీస సమయం పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు. కాబట్టి ఎంత బలమైన కారు అయినా ఆ కొండ మీద సగటున గంటకు 40 కిలోమీటర్ల లోపే పోవాలి. చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్లకు కొంచెం తక్కువ సాగుతుందనీ, వెనుక ఇరుసు నిష్పత్తి 4 దగ్గర ఉందనీ, మూడో గేరు నిష్పత్తి 1.4 అనీ తీసుకుంటే, ఆ వేగం దగ్గర ఇంజన్ తిరిగేది నిమిషానికి సుమారు 2000 చుట్లు. రెండో గేరులో 3000కు చేరువ. 4500 చుట్ల దగ్గర మేల్కొనే క్యామ్ ఈ దారిలో మొదటి మలుపు నుంచి చివరి మలుపు దాకా నిద్రపోతూనే ఉంటుంది. పైగా కొండ మీద ఎత్తు సముద్రమట్టం నుంచి 850 మీటర్ల దగ్గర. తిరుపతి పట్టణంతో పోలిస్తే గాలి పీడనం ఏడెనిమిది శాతం తక్కువ. సిలిండర్‌లోకి చేరే గాలి అసలే తగ్గిన చోట, వాల్వును ఆలస్యంగా మూసి ఇంకొంత వెనక్కి పంపడం నష్టం మీద నష్టం. చిత్తూరు నుంచి పలమనేరు వైపు పోయేటప్పుడు వచ్చే మొగిలి ఘాట్, తిరుపతి నుంచి పీలేరు వైపు వచ్చే భాకరాపేట ఘాట్, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ దారి కూడా కారును అడిగేది ఇదే: తక్కువ చుట్ల దగ్గర గట్టి పట్టు. చెన్నై రహదారి మీద ఖాళీ ఉన్నప్పుడు పై చివర బలం పనికిరాదని కాదు. పాత కారు యజమాని ఆ వేగంలో గడిపే కాలం మొత్తం ప్రయాణంలో చాలా తక్కువ.

ఓవర్‌ల్యాప్ సంగతి వేరు. ఎగ్జాస్ట్ ఇంకా మూసుకోకుండానే ఇన్‌టేక్ తెరుచుకున్నప్పుడు, వేగంగా తిరిగే ఇంజన్‌లో బయటికి దూసుకుపోయే పొగ కొత్త మిశ్రమాన్ని తన వెంట లోపలికి లాగుతుంది. నిదానంగా తిరిగేటప్పుడు అదే పొగ ఇన్‌టేక్ గొట్టంలోకి చొరబడి మిశ్రమాన్ని పాడు చేస్తుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ ఊగిసలాడుతూ గుడగుడలాడడానికి కారణం ఇది. అమెరికన్ మజిల్ కారు ప్రియులలో చాలామంది ఆ శబ్దం కోసమే పెద్ద క్యామ్ కొంటారంటే అతిశయోక్తి కాదు. బుల్లెట్ డగ్ డగ్ అనే శబ్దానికీ దీనికీ సంబంధం లేదు; అది పొడవైన స్ట్రోక్ గల ఒకే సిలిండర్ తక్కువ వేగంలో కొట్టే తాళం, దాని క్యామ్ ఎంతో సాధువైనది. ఓవర్‌ల్యాప్ పెరిగితే ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ గొట్టంలోని శూన్యబలం, అంటే వాక్యూమ్, తగ్గుతుంది. బ్రేకు తొక్కడానికి ఆ వాక్యూమ్ సాయం తీసుకునే కార్లలో పెడల్ బరువెక్కుతుంది. కొండను గేరులో ఉంచి దిగుతున్నంతసేపు థ్రాటిల్ మూసుకుని చుట్లు ఎక్కువగా ఉంటాయి గనుక వాక్యూమ్‌కు లోటు రాదు. పెట్రోలు మిగులుతుందన్న ఆశతో న్యూట్రల్‌లో వేసి కొండ దిగే దురలవాటు ఉన్న డ్రైవరుకు మాత్రం, పెద్ద క్యామ్ గల కారు సరిగ్గా అక్కడే మొండిచేయి చూపుతుంది. కాలుష్య పరీక్ష కూడా పాత పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లోనే జరుగుతుంది గనుక, కాలకుండా బయటపడే మిశ్రమం అక్కడ అంకెల రూపంలో పట్టుబడుతుంది.

అలాగని ఇన్‌టేక్‌ను వీలైనంత తొందరగా మూసే క్యామ్ ఎప్పుడూ మేలని తీర్మానించకూడదు. హెడ్‌ను లేత్ పనిలో చెక్కించి కంప్రెషన్ పెంచిన ఇంజన్‌కు, తొందరగా మూసే క్యామ్ తోడైతే సిలిండర్ లోపలి ఒత్తిడి, వేడి అతిగా పెరిగి, స్పార్క్ మంట చేరకముందే మూలల్లోని మిశ్రమం తనంతట తానే పేలుతుంది. నాకింగ్ అనే ఈ టకటక శబ్దం పిస్టన్లను తినేస్తుంది. రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నాలుగో గేరులోనే ఎత్తు ఎక్కించే ప్రయత్నం చేస్తే ఆ శబ్దం మొదట వినబడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నాకింగ్‌ను కొంత మెరుగ్గా తట్టుకుంటుంది గాని, దానికి కార్బురేటర్ జెట్ కాస్త పెద్దది కావాలి, పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు దానికి ఓర్చుకోలేవు. క్యామ్ మార్చిన తరువాత కారు సరిగా నడవకపోతే నేరం క్యామ్‌దే అనుకునే ముందు ఈ జెట్‌ను చూసుకోవడం అవసరం.

అంకెలను పోల్చడంలో ఒక వల ఉంది. డ్యూరేషన్‌ను వాల్వు సీటు నుంచి కదిలీ కదలని క్షణం నుంచి కొలిచే తయారీదారులు కొందరు, వాల్వును కదిలించే టాపెట్ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు లేచిన చోటు నుంచి కొలిచేవారు కొందరు. మొదటి పద్ధతిలో 268 డిగ్రీలుగా కనబడే క్యామ్ రెండవ పద్ధతిలో 224 కావచ్చు. ఒక కాగితం మీది 268ని ఇంకొక కాగితం మీది 224తో పోల్చి మొదటిది ఘాటైనదని కొనేవారు మోసపోయింది తమ చేతిలోనే. అమెరికన్ 5.7 లీటర్ల వీ-8 వంటి ఇంజన్‌కు రోడ్డు వాడకంలో రెండవ పద్ధతి ప్రకారం 210 నుంచి 225 డిగ్రీల వరకు మర్యాదైన పరిధి. 1971 నుంచి జనరల్ మోటార్స్ తన ఇంజన్ల కంప్రెషన్‌ను తగ్గించింది గనుక, ఆ తరువాతి ఇంజన్లకు ఆ పరిధిలో కింది అంచే తగినది. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందో చెప్పే లిఫ్ట్ అనే అంకె పెరగడం వల్ల తక్కువ వేగంలో జరిగే నష్టం స్వల్పం. కాని దానికి తగిన స్ప్రింగులు కావాలి, వాల్వు పిస్టన్‌కు తగలకుండా చోటు ఉండాలి.

ఈ సూత్రాలను ఈ ప్రాంతపు బండ్లకు ఒక్కొక్కదానికీ అన్వయిస్తే తీర్పులు వేర్వేరుగా వస్తాయి. 1489 సీసీ ఇంజన్ గల అంబాసిడర్‌కు గాని తొలి కాంటెసాకు గాని ఎంజీబీ తరహా లోబులు చెక్కించాలన్న ఆలోచన ఆకర్షణీయమైనదే, ఎందుకంటే ఆ వంశపు ఇంజన్ల మీద అనుభవం ప్రపంచమంతటా పోగుపడి ఉంది. అయితే ఆ ఇంజన్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ ద్వారాలు రెండే. ఒకటీ రెండూ సిలిండర్లు ఒక ద్వారాన్ని, మూడూ నాలుగూ మరొకదాన్ని పంచుకుంటాయి. మండే వరుస 1, 3, 4, 2 గనుక రెండవ సిలిండర్ పీల్చడం మొదలుపెట్టిన అర్ధచుట్టుకే ఒకటవది కూడా పీల్చడం మొదలుపెడుతుంది. డ్యూరేషన్ 230 అయితే ఆ రెండూ ఒకే ద్వారం మీద 50 డిగ్రీల పాటు పోటీ పడతాయి. 252 అయితే ఆ పోటీ 72 డిగ్రీలు. మిశ్రమం సమంగా పంచబడక ఒకదానికి పలుచన, ఒకదానికి చిక్కన అవుతుంది. కాబట్టి హెడ్ చెక్కించి కంప్రెషన్‌ను 8కి పైగా తెచ్చిన తరువాత మాత్రమే, అదీ 240 డిగ్రీల చుట్టుపక్కల ఆగే క్యామ్ ఆలోచించడం వివేకం. కంప్రెషన్ పెంచని ఇంజన్‌కు 230 డిగ్రీల మొదటి క్యామే శరణ్యం.

ఇసుజు ఇంజన్ గల కాంటెసా విషయంలో సమాధానం చాలా చిన్నది: కంపెనీ క్యామ్‌ను కదపకూడదు. దాని క్యామ్‌షాఫ్ట్ హెడ్ మీదే ఉండి రాకర్ల ద్వారా వాల్వులను నొక్కుతుంది, ప్రతి సిలిండర్‌కూ తన సొంత ఇన్‌టేక్ ద్వారం ఉంది, ఇచ్చే 88 గుర్రాల బలం కూడా పై చివర కోసం పోరాడేది కాదు; ఘాట్‌కు అది పుట్టుకతోనే సరిపోయింది. బుల్లెట్‌లో మరో విచిత్రం ఉంది: పాత ఇనుప సిలిండర్ ఇంజన్‌లో ఇన్‌టేక్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటిగా రెండు వేర్వేరు క్యామ్ చక్రాలు పళ్లతో నడుస్తాయి గనుక, ఒకే క్యామ్‌షాఫ్ట్ గల కార్లలో మార్చలేని లోబుల మధ్య కోణాన్ని అక్కడ మార్చవచ్చు. ఒక పన్ను జరిపితే తేడా చాలా పెద్దది కావడం వల్ల, గుర్తులకు గుర్తులు కలిపి బిగించి వదిలేయడమే మంచి మెకానిక్ చేసే పని.

నిజానికి క్యామ్ మార్చాలని ఇంజన్ విప్పిన కార్లలో కొన్నింటికి కావలసింది కొత్త క్యామ్ కాదు, కొత్త టైమింగ్ చైన్. క్రాంక్ నుంచి క్యామ్‌కు కదలికను అందించే ఈ గొలుసు ఏళ్ల తరబడి అరిగి సాగితే క్యామ్ వెనుకబడుతుంది. నాలుగు క్షణాలూ ఆలస్యమవుతాయి, వాటిలో ఇన్‌టేక్ మూసుకోవడం కూడా ఉంటుంది. ఎక్కడమే మానేసిన కారు గొలుసు మార్చగానే మళ్లీ ఎక్కడానికి ఇదే కారణం. ఇదే సూత్రాన్ని తిరగేసి లాభానికి వాడుకోవచ్చు. ఎంజీబీ అంకెలు గల క్యామ్‌ను 4 డిగ్రీలు ముందుకు జరిపి బిగిస్తే ఇన్‌టేక్ 56 దగ్గర కాక 52 దగ్గర మూసుకుంటుంది. పై చివర కొంత బలం పోయి కింది చివర కొంత పెరుగుతుంది. అందుకు ప్రత్యేకమైన కీ గాని, జరపడానికి వీలున్న పళ్ల చక్రం గాని చాలు. గొలుసు చక్రం మీది గుర్తును నమ్మకుండా, క్రాంక్‌కు డిగ్రీల పళ్లెం బిగించి, టాపెట్ మీద డయల్ గేజ్ నిలిపి, వాల్వు నిజంగా ఎక్కడ తెరుచుకుని ఎక్కడ మూసుకుంటుందో కొలిచి చూడడం ఒక పూట పని. కొత్త క్యామ్ వేసిన ప్రతి ఇంజన్‌కూ ఆ పూట కేటాయించి తీరాలి.

సరుకు దొరకడం ఇంకొక సమస్య. దేశంలో క్యామ్‌షాఫ్ట్‌లు తయారు చేసే పెద్ద సంస్థలు లేకపోలేదు. సోలాపూర్‌లోని ప్రెసిషన్ క్యామ్‌షాఫ్ట్స్ ప్రపంచపు కార్ల కంపెనీలకు సరఫరా చేస్తుంది. కాని అవి కొత్త కార్లకు వేల లెక్కన చేసేవి. పాత కాంటెసాకు ఒక్కటి కావాలంటే చెన్నై పుదుప్పేట పాత సామాను దుకాణాలలో వెతకడమో, ఉన్నదాన్నే తిరిగి గ్రైండింగ్ చేయించడమో దారి. గ్రైండింగ్‌లో లోబు ఆకారం మార్చడానికి దాని అడుగు వలయాన్ని తగ్గిస్తారు గనుక, టాపెట్ క్లియరెన్స్ సర్దడానికి చోటు చాలుతుందో లేదో, పైపొర గట్టిదనం మిగిలి ఉందో లేదో ముందే చూసుకోవాలి. గట్టిపొర పోయిన లోబు కొన్ని వందల కిలోమీటర్లలో గుండ్రంగా అరిగిపోతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధమైన మార్పులను అనుమతించదనీ, 2021 నాటి నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ గుర్తింపు కోరేవారు దాన్ని అసలు రూపంలో ఉంచాలనీ యజమానులు మనసులో పెట్టుకోవడం మంచిది.

అంబాసిడర్ ఇంజన్‌లోనూ, పాత అమెరికన్ ఇంజన్లలోనూ టాపెట్ అడుగు చదునుగా ఉండి లోబు మీద రాసుకుంటూ నడుస్తుంది. ఇంజన్‌లో అత్యధిక ఒత్తిడి పడే చోట్లలో అది ఒకటి. కొత్త క్యామ్‌తో పాత టాపెట్లు వేస్తే, పాత అరుగుదల కొత్త లోబును కోసేస్తుంది. రెండూ కలిపే మార్చాలి. ఆ చోట పొరగా నిలిచి కాపాడేది నూనెలోని జింక్, ఫాస్ఫరస్ కలిసిన పదార్థం. పొగను శుద్ధి చేసే పరికరాలు పాడవకుండా కొత్త కార్ల పలుచని నూనెలలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. 20డబ్ల్యూ-50 వంటి చిక్కని నూనెలకు ఆ పరిమితి వర్తించదు గనుక, ఎండ ప్రాంతంలో పాత ఇంజన్‌కు అవే రెండు విధాలా తగినవి. బిగించేటప్పుడు లోబులకు చిక్కటి అసెంబ్లీ లూబ్రికెంట్ పూయాలి. స్పార్క్ టైమింగ్, పెట్రోలు, నీళ్లు అన్నీ ముందే సరిచూసుకుని, ఇంజన్‌ను మొదటి తిప్పుకే అందుకునేలా సిద్ధం చేయాలి. అందుకున్నాక ఐడ్లింగ్‌కు దించకుండా 2000, 2500 చుట్ల మధ్య ఇరవై నిమిషాల పాటు వేగాన్ని కాస్త పెంచుతూ తగ్గిస్తూ నడపాలి, ఎందుకంటే లోబు మీదికి నూనెను చిమ్మేది క్రాంక్ విసురే, ఐడ్లింగ్‌లో ఆ విసురు చాలదు. ఆ తరువాత నూనె, ఫిల్టరు మార్చి, ఇంజన్ చల్లారాక టాపెట్ క్లియరెన్స్ మళ్లీ కొలవాలి. ఏదైనా ఒక వాల్వు దగ్గర సందు మిగతావాటికంటే ఎక్కువగా పెరిగి కనబడితే ఆ లోబు అరుగుతున్నట్టే గనుక, కారును కొండ అడుగున ఉన్న అలిపిరి వైపు తిప్పకముందే ఇంజన్‌ను మళ్లీ విప్పాలి.